కవళ్ల కాపలా ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలవ్వాలి

సార్డిన్ చేపను కేరళలో మత్తి అంటారు, ఆ రాష్ట్రం దక్షిణాన చాళ అంటారు. మన తీరంలో నూనె కవళ్లు. 2012లో కేరళ ఒక్కటే దాదాపు 3.9 లక్షల టన్నులు పట్టింది. 2021కి వచ్చేసరికి 3,297 టన్నులే దక్కాయి. ఆ తర్వాత చేప తిరిగొచ్చింది. 2023 నాటికి మళ్లీ లక్ష టన్నులు దాటింది. గండం గడిచిందని చాలామంది అనుకున్నారు. నాకు మాత్రం ఆ ధీమా కలగడం లేదు.

ఎందుకో 2024 ధరలు చూస్తే తెలుస్తుంది. జూన్‌లో, ట్రాలింగ్ నిషేధం ఉన్న రోజుల్లో, కేరళలో కిలో మత్తి 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది. ఏడాది చివరికి 20, 30 రూపాయలకు పడిపోయింది. ఆ ఏడాది వానలు అనుకూలించి పిల్లలు విపరీతంగా పుట్టాయి. వాటన్నిటికీ మేత చాలక ఎదుగుదల ఆగిపోయింది. వల నిండా వేలెడంత చేపలే. కండ లేని చేపను ఇంటికి ఎవరు కొంటారు? అయినా పట్టారు, లారీలకు ఎత్తారు. మరి ఆ లారీలు ఎటు పోయాయి?

కవళ్ల గురించి చర్చ జరిగినప్పుడల్లా అందరి వేలూ మత్స్యకారుడి వైపే లేస్తుంది. చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వల పెద్దదయింది, దాని కన్ను చిన్నదయింది, పిల్ల చేపను ఊడ్చేస్తున్నాడు అంటారు. ఇందులో అబద్ధం లేదు. కేరళ 2015లోనే చట్టబద్ధమైన కనీస కొలతలు తెచ్చింది. మత్తికి 10 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నది పట్టుకొస్తే జరిమానా. స్వాధీనం చేసుకున్న చేపను తీసుకెళ్లి సముద్రంలో పారబోస్తారు. అప్పటికే చచ్చిన చేప అది. దాన్ని నీళ్లలో పోస్తే ఎవరికి లాభం?

పడవలో ఉన్నవాడి వైపు నుంచి చూడండి. ఇంజన్ బోటు మీద ముప్పై నలభై మంది. తెల్లారకముందే బయల్దేరారు. డీజిల్ అప్పు మీద పోయించారు. గుంపు కనబడింది, వల చుట్టారు, లాగారు. చేతిలోకి వచ్చాక చూస్తే పిల్లలు. వదిలేస్తే డీజిల్ డబ్బులు కూడా రావు. ఒడ్డున మాత్రం ఎంత చిన్నదైనా కొనే మనిషి కాటాతో సిద్ధంగా ఉన్నాడు. ఆ మనిషి ఉన్నంతకాలం 10 సెంటీమీటర్ల రూలు కాగితం మీదే ఉంటుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక తెల్లవారుజామున ఆ కాటా నేను చూశాను. ఒక పెద్దావిడ బేసిన్‌లో నిగనిగలాడే కవళ్లు పేర్చుకుని కూర్చుంది. ఆమె వెనక, సిమెంటు నేల మీద, ఇంకో కుప్ప. ఐసు లేదు, బుట్ట లేదు. పారతో ట్రేల్లోకి ఎత్తుతున్నారు. అవీ కవళ్లేనా అని అడిగాను. "కవళ్ల పిల్లలు బాబూ. అవి మనుషులు తినడానికి కాదు, పొడికి పోతాయి" అంది. ఒక పిల్లను చేతిలోకి తీసుకుంటే నా చూపుడు వేలి కన్నా చిన్నది. ఇంకొన్నాళ్లు బతికితే ఒక్కసారైనా గుడ్లు పెట్టేది.

ఆ పొడి ఎక్కడికి చేరుతుందో తెలుసుకోవాలంటే భీమవరం వైపు వెళ్లి రొయ్యల మేత బస్తా ఒకటి విప్పి వాసన చూస్తే చాలు. ఎండు చేపల వాసన గుప్పుమంటుంది. రొయ్య మేతలో ముఖ్యమైన సరుకు చేపల పొడి. ఒక కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. కర్ణాటకలో మల్పే, మంగళూరు చుట్టుపక్కల వెలిసిన పొడి ఫ్యాక్టరీలకు కవళ్లు ఎప్పటి నుంచో ముడిసరుకు. దేశంలో రొయ్యల సాగుకు పెద్ద దిక్కు మన రాష్ట్రమే. కాబట్టి కేరళ మత్తి గొడవ మనకెందుకులే అని మనం తప్పించుకోలేం.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. వందేళ్ల కిందట మలబారు తీరంలో చేప నూనె, నూనె తీయగా మిగిలిన పిప్పితో గువానో అనే ఎరువు తీసే కార్ఖానాలు వందల్లో వెలిశాయి. మనుషులు తినాల్సిన చేప తోటలకు ఎరువుగా పోయింది. 1940లలో కవళ్లు పడిపోయినప్పుడు మద్రాసు ప్రభుత్వం వలల మీద ఆంక్షలు పెట్టింది. అప్పట్లో ఒక వల పేరే మత్తికొల్లి వల, అంటే మత్తిని చంపే వల. ఆ ఆంక్షలను అమలు చేయలేక 1947లో ఎత్తేశారు. ఇన్నేళ్లయినా మనం వల దగ్గరే ఆగిపోయాం.

కవళ్లు రావడం పోవడం ప్రకృతి పని, మనిషి చేతిలో ఏమీ లేదనే వాదన ఒకటుంది. అందులో బలం ఉంది. సముద్రాన్ని వేడెక్కించే ఎల్ నినో 2015-16లో కొట్టిన దెబ్బ నిజం. 1994లోనూ కేరళలో కవళ్లు దాదాపు కనుమరుగై, తర్వాత కోలుకున్నాయి. కానీ వాన మన చేతిలో లేదని చెరువు గట్టు తెగ్గొట్టుకుంటామా? రెండు, రెండున్నరేళ్లకు మించి బతకని చేప ఇది. ఒక చెడ్డ ఏడు వస్తే మరుసటి ఏటికి విత్తనంగా మిగిలేది ఈ పిల్లలే. వాటిని పొడి చేసుకుని తర్వాత ఎల్ నినోను తిడితే ఏం లాభం?

నన్ను అసలు బాధపెట్టే విషయం ఇంకోటి ఉంది. కవళ్లు పేదవాడి చేప. యాభై రూపాయలకు ఇంటిల్లిపాదికీ పులుసు అయ్యే చేప. పిల్లలకు మాంసకృత్తులు, మంచి కొవ్వు చవగ్గా అందించే చేప. దాన్ని పొడి చేసి, రొయ్యకు పెట్టి, ఆ రొయ్యను ఐసులో పెట్టి అమెరికాకు పంపి డాలర్లు లెక్కపెట్టుకుంటున్నాం. 2025లో అమెరికా సుంకాలు పెంచితే రొయ్య కోసం అమరావతి నుంచి ఢిల్లీకి ఉత్తరాలు వెళ్లాయి. రైతు బాధ నిజమే, వెళ్లాల్సిందే. కానీ 2021లో, 2012తో పోలిస్తే కేరళలో కవళ్లు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పడిపోయిన ఏడు, ఢిల్లీలో ఎంతమందికి నిద్ర పట్టలేదు? ఎగుమతి లెక్కలో కనబడని తిండికి మన విధానాల్లో విలువ లేదు. చిరుధాన్యాల విషయంలో చేసిన తప్పే ఇప్పుడు సముద్రంలో చేస్తున్నాం.

అందుకే తనిఖీ పొడి ఫ్యాక్టరీ గేటు దగ్గర జరగాలి. వచ్చే ప్రతి లోడుకూ ఏ చేప, ఏ రేవు, ఎంత సైజు అని రిజిస్టర్ ఉండాలి. కొలతకు తక్కువ కవళ్లు దొరికితే జరిమానా మొదట కొన్నవాడికి వేయాలి. సముద్రం మీద వేల పడవలను వెంటాడడం కష్టం. ఫ్యాక్టరీలు అన్ని లేవు, పైగా ఉన్నచోటి నుంచి కదలవు. కొలత కూడా తీర రాష్ట్రాలన్నిటికీ ఒకటే కావాలి. కేరళలో వద్దన్న చేపకు పక్క రాష్ట్రపు రేవులో గిరాకీ ఉంటే లాభం లేదు. చేప కరువైన ఏడాది పడవ ఆపమంటే పూట గడవడానికి డబ్బు కూడా ఇవ్వాలి. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధానికి ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు మత్స్యకారులకు 20 వేల రూపాయల చొప్పున ఇస్తోంది. పిల్ల చేప ఉన్న చోట కొన్ని వారాలు వల దించనివాడికి ఆ పద్ధతినే వర్తింపజేయొచ్చు.

2022 జనవరిలో విశాఖలో రింగు వలల గొడవ ముదిరి పెదజాలరిపేట, వాసవానిపాలెం వాళ్లు ఒకరి మీద ఒకరు తిరగబడ్డారు. నడి సముద్రంలో పడవలు తగలబడ్డాయి, ఒడ్డున 144 సెక్షన్ పెట్టారు. రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకే సముద్రం మీద బతికే మత్స్యకారులే. పడవలూ వలలూ ఒడ్డున నిలిపేశారు, కేసులూ వాళ్ల మీదే పడ్డాయి. పొడికి చేప కొనేవాడిని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.