నల్ల పేజీల రిపోర్టు

కోడ్‌ను కాగితం మీదకి ఎక్కించేటప్పుడు అది ఎవరికీ చదవడానికి వీల్లేకుండా జాగ్రత్తపడాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది ఎక్కడా రాసిపెట్టని నియమం. దీన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో చూడాలంటే ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌లో ఏ కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపుకైనా వెళ్లండి.

ఫైనల్ ఇయర్ కుర్రాడు పెన్‌డ్రైవ్ అందిస్తాడు. ఫైల్లో కోడ్ ఉండదు, కోడ్ ఫోటోలుంటాయి. అదీ డార్క్ థీమ్‌లో, అంటే నల్లటి తెర మీద లేత అక్షరాలతో. స్క్రీన్ మీద కళ్లకు హాయిగా ఉన్న ఆ నలుపు ప్రింటర్‌లోంచి పేజీ నిండా మసిలా దిగుతుంది. బూడిద రంగు కామెంట్లు అందులో కలిసిపోతాయి. స్పష్టంగా కనిపించేవి రెండే: ఓ మూల ప్రాణం పోతున్న బ్యాటరీ గుర్తు, ఇంకో మూల 'యాక్టివేట్ విండోస్' అనే విన్నపం.

"అన్నా, కొంచెం లైట్‌గా రాదా?"

"ఇంకో రెండు సెట్లు తీస్తే టోనర్ అయిపోద్ది తమ్ముడూ. తర్వాత అన్నీ లైట్‌గానే వస్తాయి."

ఆ నలుపు మీదే గైడ్ గారు నీలం పెన్నుతో సంతకం పెడతారు. అట్ట మీద మాత్రం బంగారు అక్షరాలు. వైవాకొచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రిపోర్టు చేతిలోకి తీసుకుని, బరువు అంచనా వేసి, వేళ్లకంటిన మసి కర్చీఫ్‌కు తుడుచుకుని, "అవుట్‌పుట్ ఏదమ్మా?" అంటారు. అదే సార్, తర్వాతి నల్ల పేజీ.

పోనీ సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. కార్స్‌టన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో మొదలుపెట్టిన, రాతనీ కోడ్‌నీ ఒకే ఫైల్లో ఉంచే ఆర్గ్ మోడ్‌లో కోడ్ బ్లాక్ నెత్తిన 'ఎక్స్‌పోర్ట్స్' అని పెట్టి పక్కన ఒక్క మాట రాస్తే చాలు, రిపోర్టులోకి ఏది రావాలో అదే వస్తుంది. 'కోడ్' అంటే కోడే, 'రిజల్ట్స్' అంటే ఫలితమే, 'బోత్' అంటే రెండూ, 'నన్' అంటే ఏదీ వద్దు. కోడూ ఫలితమూ ఒకేచోట చూపించే జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్లు, దాన్ని డాక్యుమెంటుగా మార్చే ఎన్‌బీకన్వర్ట్‌కి 'నో ఇన్‌పుట్' అని చెబితే కోడ్ దాచి ఫలితాలే ఇస్తుంది. అసలు ప్రోగ్రాం అనేది మనిషికి వివరించేలా ఉండాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లోనే వ్యాసం రాశారు. మనవాళ్లు మనిషికీ యంత్రానికీ కూడా అర్థం కాని మూడో దారి వేశారు.

కమాండ్లతో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ లేటెక్ తెలిసిన సార్ల దర్జా వేరు. అందులో కోడ్‌ను అచ్చుకు పేర్చే లిస్టింగ్స్ ప్యాకేజీలో, లైన్లను విరిచే 'బ్రేక్‌లైన్స్' ఆన్ చేయాలన్న ధ్యాస ఉండదు కాబట్టి పొడవు లైన్లు మార్జిన్ దాటి, కాగితం కూడా దాటి వెళ్లిపోతాయి. 'ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్', అంటే లైను పట్టలేదు అని, తన హెచ్చరికల చిట్టా అయిన లాగ్‌లో లేటెక్ మొత్తుకుంటూనే ఉంటుంది. లాగ్ చదివే అలవాటు ఎవరికి?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ల్యాబ్ మాన్యువల్ దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

సార్ పైథాన్ ప్రోగ్రాంని వర్డ్‌లో టైప్ చేస్తారు. వర్డ్ నిటారు కొటేషన్ గుర్తులను అందంగా వంకర తిప్పుతుంది. పీడీఎఫ్ అవుతుంది, వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఊళ్లో సర్కారు బడిలో చదివి, కాలేజీకొచ్చాకే కంప్యూటర్ ముట్టుకున్న పిల్ల దాన్ని కాపీ చేసి రన్ చేస్తుంది. లైన్ల ముందు ఖాళీలు ఎగిరిపోయాయి. ఆ ఖాళీలను బట్టే కదా ఏ లైను దేని కిందకొస్తుందో పైథాన్‌కి తెలిసేది! ఇండెంటేషన్ ఎర్రర్. అది ఎలాగో సరిచేసుకుంటే, ఆ వంకర గుర్తు పైథాన్‌కి చెల్లదు కాబట్టి ఇన్వాలిడ్ క్యారెక్టర్. సార్‌ని అడిగితే "సరిగ్గా చూసుకో" అంటారు.

సరిగ్గానే చూసుకుందయ్యా! మీరు పంపిందే పెట్టింది. వంకర మీ ఫైల్లో ఉంటే, ల్యాబ్ అంతా వినేలా ఆ పిల్లకి "బేసిక్స్ రావు" అంటారా? కోడింగ్ తనకి రాదేమోనని ఆ పిల్ల హాస్టల్‌కెళ్లి ఏడ్చిందంటే కారణం లాజిక్ కాదు, మీ కొటేషన్ గుర్తు. ఏటా అదే పీడీఎఫ్, పైన సంవత్సరం మాత్రం మారుస్తారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందులోంచి కాపీ చేసి మీరే రన్ చేసి చూశారా?

వచ్చే సెమిస్టర్ మాన్యువల్ గ్రూపులో పెట్టే ముందు ఆ పని చేయండి. నడవకపోతే ఈసారి వైవాకి మీరే కూర్చోండి.