మంజీర నీళ్లు ఇటు, మూసీ మురుగు అటు

హైదరాబాద్ దాటి దిగువన వలిగొండ వైపు వెళ్తే మూసీ మీద కత్వలు, అంటే చిన్న ఆనకట్టలు కనిపిస్తాయి. నీళ్లు దూకేచోట తెల్లటి నురగ కుప్పలుగా పేరుకుంటుంది. గాలి లేచిందంటే తునకలై పక్క పొలాల్లో వరి మీద వాలుతుంది. నాట్లేసే ఆడవాళ్లు మడిలో దిగే ముందు కాళ్లకూ చేతులకూ నూనె రాసుకుంటారు, దురద కాస్త తగ్గుతుందని. నగరాన్నీ పల్లెనూ అనుసంధానించాలన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. ఈ ఊళ్లకు హైదరాబాద్‌తో అనుసంధానం ఎప్పుడో అయిపోయింది. అది ఏ షరతుల మీద అయిందన్నదే ఎవరూ అడగలేదు.

నగరం దాహం కథ చూడండి. 1908 వరదల తర్వాత కట్టిన గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి చాలక మంజీరకు వెళ్లాం. అదీ చాలక మంజీర మీదే ఉన్న సింగూరు జలాశయానికి. 2004లో కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. దాదాపు 30 టీఎంసీల సింగూరు నిండినా దిగువన ఘనపురం ఆనకట్ట రైతులు, ఆ కింద నిజాంసాగర్ ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి నీటి విడుదల కోసం అధికారుల చుట్టూ తిరిగారు, రోడ్డెక్కారు. నిజాంసాగర్ 1931 నాటిది. ఘనపురం అంతకన్నా పాతది. ముందు నుంచీ ఉన్న హక్కు వెనక్కి పోయింది, తర్వాత వచ్చిన అవసరం ముందుకొచ్చింది. తాగునీటికి తొలి ప్రాధాన్యం ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఆ నీళ్లు వదులుకున్న ఊరికి నగరం ఏమిచ్చిందో ఏ బడ్జెట్‌లోనూ కనబడదు.

అలా తెచ్చుకున్న నీళ్లలో చాలా భాగం మురుగై మూసీలో కలుస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఒకప్పుడు ఎండాకాలంలో ఎండిపోయే ఏరు ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతోంది. ఆ పారకం మీదే యాసంగి వరి పండుతోంది. నగరం అంచున గడ్డి కోసి, మోపులు కట్టి, తెల్లారేసరికి పాడి కొట్టాలకు చేరవేసే కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి. పండించిన బియ్యం అమ్మేసి, తినడానికి బయట కొనుక్కునే రైతులున్నారు. మూసీ నీళ్లు వద్దని వాళ్లు అనలేరు, ఆ నీళ్లలో దిగకుండా ఉండలేరు.

అందుకే మూసీ ప్రక్షాళన అంటే నాకు సంతోషం, భయం రెండూ కలుగుతాయి. శుద్ధి కేంద్రాలు పెరగాలి, ఫ్యాక్టరీల రసాయనాలు మురుగులో కలవకుండా ఆపాలి. అయితే శుద్ధి చేసిన నీళ్లకు విలువ వస్తుంది. వెంటనే పరిశ్రమలు, నిర్మాణ సంస్థలు, నది ఒడ్డు పార్కులు వాటికోసం వరుస కడతాయి. మురుగును దశాబ్దాలు భరించిన ఆయకట్టు, మంచినీళ్లు వచ్చే రోజున ఎండిపోతే అంతకన్నా అన్యాయం ఏముంటుంది? మూసీ నీళ్లు పారే బునాదిగాని, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి కాల్వలకూ ఆసిఫ్ నహర్‌కూ సీజన్‌కు ఎన్ని నీళ్లో ఇప్పుడే కాగితం మీద రాయాలి. నాణ్యత పరీక్ష ఫలితాలు కత్వ దగ్గరే బోర్డు మీద పెట్టాలి.

ఇవన్నీ తేల్చాల్సిన వేదిక రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణ తెచ్చిన 243జెడ్‌ఈ అధికరణం ప్రకారం మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకోవాలి. సీట్లు మాత్రం జనాభా నిష్పత్తిలో పంచుతారు కాబట్టి ఊళ్ల గొంతు అక్కడా సన్నగానే ఉంటుంది. పైగా 2025లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు లెక్కన పెంచారు. రోడ్డును బట్టి గీసిన హద్దు అది. మూసీ ఆ గీత దాటి సూర్యాపేట వైపు సాగిపోతుంది. నది వెంట ఉన్న రైతును హద్దు బయట నిలబెట్టి నది ప్రణాళిక ఎలా వేస్తారు?

రోడ్డు వస్తే ఊరు బాగుపడుతుందన్న నమ్మకం మనకు గట్టిగా ఉంది. నగరం చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు పూర్తయ్యాక చుట్టుపక్కల ఏం జరిగిందో చూశాం. భూమి ధర ఎకరం నుంచి గజానికి మారింది, పంట చేలల్లో వెంచర్ల హద్దురాళ్లు లేచాయి. కౌలుకు కూరగాయలు పండించేవాడికి ఆ ధరలో చిల్లిగవ్వ రాలేదు. 1999లో మొదలైన రైతు బజార్లు చేసిన మేలు దీనికంటే నేరుగా అందింది. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి ఆకుకూరల మూటతో తొలి బస్సెక్కిన రైతు మెహిదీపట్నంలో అమ్మి, మధ్యాహ్నానికి డబ్బుతో ఇల్లు చేరేవాడు. ఆ చేలు వెంచర్లయిపోయాక బజారులో కూర్చునే రైతు ఎక్కడి నుంచి వస్తాడు?

మల్లన్నసాగర్ జలాశయం నుంచి హైదరాబాద్‌కు 20 టీఎంసీల గోదావరి నీళ్లు తెచ్చే పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. అంటే మూసీలోకి దిగే మురుగు ఇంకా పెరగబోతోంది. ఆ పైపులు పడేలోపే, తిరిగి వెళ్లే నీళ్లను శుద్ధి చేసే ఖర్చును నగరం నీటి బిల్లులో కలపాలి. నా బిల్లుతో మొదలుపెట్టినా సరే, నేను కడతాను.