పాత కంప్యూటర్‌కు నప్పేది రగ్బీ లీగే

కమోడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి ఎనభైల నాటి కంప్యూటర్లకు ఇప్పటికీ కొత్త గేములు రాసేవాళ్లున్నారు. వాళ్లలో ఎవరైనా రగ్బీ గేము తలపెడితే ముందు ఏ రగ్బీ అన్నది తేల్చుకోవాలి. జట్టుకు 15 మంది ఆడేది యూనియన్, 13 మంది ఆడేది లీగ్. మ్యాచ్ కోసం పని మానుకున్న కార్మికులకు ఆ రోజు కూలి కట్టివ్వాలా వద్దా అన్న గొడవ ముదిరి, 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు విడిపోయాయి. అలా లీగ్ పుట్టింది. పేరు, డబ్బు యూనియన్‌కే ఎక్కువ కాబట్టి గేము తీసేవాళ్ల చూపు ముందు అటే పోతుంది. పాత మెషీన్ల విషయంలో అది పొరపాటని నా అభిప్రాయం.

యూనియన్‌లో ఆటగాడు కింద పడ్డాక కూడా బంతి కోసం పోటీ ఆగదు. రెండు జట్లవాళ్లూ పైకి వచ్చి తోసుకుంటారు. దాన్ని రక్ అంటారు. ఎవరు ఏ వైపు నుంచి దూరారో తేల్చలేక రెఫరీలే తలలు పట్టుకుంటారు. ఇరవై పిక్సెళ్ల బొమ్మలతో దాన్ని చూపించడం అయ్యే పని కాదు. చివరికి ఫైర్ బటన్ టకటకా కొట్టించడమే మిగులుతుంది. ఎవరి వేలు చురుకైతే వాళ్లదే బంతి. ఇందులో రగ్బీ ఎక్కడుంది?

లీగ్ ఈ ముడిని 1906 నుంచే విప్పుతూ వచ్చింది. ఇప్పటి పద్ధతిలో టాకిల్ అయినవాడు, అంటే అవతలివాళ్లు పట్టి ఆపినవాడు, లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు. అవతలి జట్టు 10 మీటర్లు వెనక్కి తగ్గి వరుస కడుతుంది. ఆరు టాకిల్స్ అయితే బంతి చేతులు మారుతుంది. అంటే టాకిల్ అయిన ప్రతిసారీ 26 మందీ దాదాపు ఎక్కడుండాలో ప్రోగ్రామర్‌కు ముందే తెలుసు. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు, అందరూ సర్దుకునే ఆ రెండు మూడు సెకన్లే పెద్ద వరం.

ఇక బొమ్మల సంగతి. కమోడోర్ 64 ఒక స్కాన్‌లైన్ (తెర మీది అడ్డగీత) మీద ఎనిమిది స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మలకు) మించి గీయలేదు. ఆటను కింది నుంచి పైకి నడిపిస్తే డిఫెన్స్ వరుసంతా తెరకు అడ్డంగా ఒకే గీత మీదికి వస్తుంది, తొమ్మిదో ఆటగాడు మాయమవుతాడు. ఎడమ నుంచి కుడికి నడిపిస్తే అదే వరుస ఒకరి కింద ఒకరుగా నిలువుగా పడుతుంది. పైన గీసేసిన స్ప్రైట్లనే కింద మళ్లీ వాడుకోవచ్చు. మైదానాన్ని అటు తిప్పితే చాలు, సగం తలనొప్పి వదులుతుంది.

పాస్ దగ్గర మాత్రం నిజంగా బుర్ర పెట్టాలి. బంతిని ముందుకు విసరకూడదు, జాయ్‌స్టిక్‌కేమో ఒకటే బటన్. స్టిక్‌ను ముందుకు నెట్టి పరుగెత్తేవాడు పాస్ కోసం దాన్ని వెనక్కి లాగితే పరుగు ఆగిపోతుంది. నేనైతే ఇలా చేస్తాను: బటన్ నొక్కి పట్టినంతసేపూ పరుగు దానంతటదే సాగాలి. అప్పుడు స్టిక్ పైకి కొడితే పై వైపున్నవాడికి, కిందికి కొడితే కింది వైపున్నవాడికి బంతి వెళ్లాలి. ఎంత వెనక్కి వెళ్లాలన్నది గేమే చూసుకోవాలి.

2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూసినవాళ్లు, ఏడుగురాడే సెవెన్స్ ఇంకా తేలిక కదా అనొచ్చు. స్ప్రైట్ల లెక్కకు తేలికే. కానీ సెవెన్స్ కూడా యూనియనే, రక్ ఎక్కడికీ పోదు.

లీగ్‌లోనూ ఒక ప్రమాదం ఉంది. టాకిల్ వెంట టాకిల్ ఒకేలా సాగితే విసుగు పుడుతుంది. అందుకే పట్టుబడ్డాక కూడా, కింద పడేలోపు అర సెకను పాటు బంతిని పక్కవాడికి అందించే ఆఫ్‌లోడ్ తప్పక ఉండాలి. కోడిగుడ్డు ఆకారపు బంతి నేల తాకాక ఎటు ఎగురుతుందో తెలియకపోవడం ఇంకో ఆకర్షణ. దానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు, ఏడెనిమిది కోణాల చిన్న టేబుల్ చాలు. సొంత 40 మీటర్ల గీత వెనక నుంచి తన్నిన బంతి మైదానంలో నేల తాకి, అవతలివాళ్ల 20 మీటర్ల గీత దాటాక పక్క గీత బయటికి పోతే, తన్నిన జట్టుకే మళ్లీ బంతి దక్కుతుంది. మెమరీ చాలడం లేదని ఏం తీసేసినా ఈ నియమాన్ని ముట్టుకోకూడదు. ఐదో టాకిల్ దాకా ఆగాలా, రెండో టాకిల్‌కే తెగించి తన్నాలా అన్న టెన్షన్ ఇక్కడి నుంచే వస్తుంది.