పేరు తోచక పెట్టిన పేరు

మొన్న ఒక చిత్రకళా ప్రదర్శనకి వెళ్లాను. ఆహ్వానపత్రం మీద ‘పోస్ట్ రూరల్’ అని ఉంది. తీరా చూస్తే గడ్డివాము, పక్కన గేదె. రెండూ బాగానే ఉన్నాయి. గేదె మాత్రం పల్లెటూరు దాటి ఎక్కడికీ పోయినట్టు కనిపించలేదు. ఈమధ్య దేని ముందైనా ‘పోస్ట్’, అంటే ‘దాని తర్వాతిది’ అని, తగిలిస్తే చాలు, రేటు పెరిగిపోతోంది. పోస్ట్ మోడర్న్, పోస్ట్ ట్రూత్, పోస్ట్ నా శ్రాద్ధం. మా చిన్నప్పుడు పోస్ట్ అంటే కనీసం ఉత్తరం ముక్కైనా వచ్చేది.

ఈ జాడ్యం ఎవరు అంటించారా అని వెతుక్కుంటూ పోతే లండన్‌లో ఒక పెద్దమనిషి దొరికాడు. రోజర్ ఫ్రై. 1866లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో సైన్సు చదివి బొమ్మల్లో పడ్డాడు. 1906లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్యూరేటర్ అయ్యాడు. ఆ మ్యూజియం అధ్యక్షుడు జె.పి. మోర్గాన్, అంటే బ్యాంకుల మోర్గాన్. ఒక బొమ్మ కొనుగోలు దగ్గర ఆయనతోనే పేచీ పెట్టుకున్నాడు. 1910కల్లా ఉద్యోగం హరీ. ఈలోగా 1909 నుంచి ‘బర్లింగ్టన్ మ్యాగజైన్’ అనే కళల పత్రిక సంపాదకుల్లో ఒకడుగా కుదురుకున్నాడు, పదేళ్లు వదల్లేదు. సంపాదకుడంటే తెలుసుగా? ప్రెస్సుకి టైమైపోతున్నప్పుడు తోచిన శీర్షిక పెట్టేసే మనిషి.

సరిగ్గా అదే జరిగింది. 1910 నవంబరులో లండన్ గ్రాఫ్టన్ గ్యాలరీస్‌లో సెజాన్, వాన్ గోఖ్, గోగాన్ అనే చిత్రకారుల బొమ్మలు పెట్టాడు. ప్రదర్శనకి పేరు కావాలి. ఏవేవో అనుకున్నారు, ఏదీ కుదర్లేదు. చివరికి విసుగెత్తి, ఎలాగూ ఇంప్రెషనిస్టుల (కంటికి తోచిన వెలుగూ రంగూ గీసిన ముందుతరం ఫ్రెంచి చిత్రకారుల) తర్వాత వచ్చారు కదా, పోస్ట్ ఇంప్రెషనిస్టులు అనేద్దాం అన్నాడు. అంతే, అయిపోయింది నామకరణం! మనిళ్లలో నడిపోడు, చిన్నోడు అని పిలిచినట్టు. మనవాళ్లు నయం, బళ్లో వేసేటప్పుడైనా అసలు పేరు రాయిస్తారు. అప్పటికి వాన్ గోఖ్ పోయి 20 ఏళ్లు, గోగాన్ పోయి 7, సెజాన్ పోయి 4. అభ్యంతరం చెప్పేవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఇక జనం. ఒక లావుపాటి ముసలాయన సెజాన్ గీసిన భార్య బొమ్మ చూడగానే పగలబడి నవ్వడం మొదలుపెట్టాడట. ఎంతకీ ఆపడే! ఆయన్ని బయటికి తీసుకుపోయి, ఐదు నిమిషాలు చల్లగాలిలో అటూ ఇటూ తిప్పాల్సి వచ్చిందని ప్రదర్శన కార్యదర్శి డెస్మండ్ మెకార్తీ తర్వాత రాసుకున్నాడు. నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ ఐదు నిమిషాలని. నవంబరు చలి. చెమర్చిన కళ్లు, చొక్కా గుండీల మీద భారం. ‘తగ్గిందా?’ ‘తగ్గింది.’ నాలుగడుగులు. మళ్లీ ఆవిడ మొహం గుర్తొస్తుంది. మళ్లీ మొదలు. పాపం సెజాన్ గారి భార్య ఏం చేసింది, కుదురుగా కూర్చుంది, అంతేగా! ఏమైతేనేం, ముసలాయన మళ్లీ లోపలికి వచ్చాడు, మిగతా బొమ్మలూ చూశాడు. నాకు ఆయనంటే గౌరవం.

నవ్వకండి, ముందు కళ్లు పెట్టి చూడండి అని ఫ్రై లండన్‌కి పాఠం చెప్పాడు. ఒప్పుకుంటాను, ధైర్యం ఉన్న మనిషే.

అదే 1910లో, ఆ ప్రదర్శనకి ముందు జనవరిలో, అదే లండన్‌లో సర్ జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన ఒక బుద్ధ విగ్రహం ఫోటో చూసి, నిర్మలత్వానికి గుర్తుగా ఉడకబెట్టిన కొవ్వు పుడ్డింగ్ పెట్టినా సరిపోతుందన్నాడు. ఈయన దారినపోయేవాడు కాదు, మన చేతిపనుల మీద పుస్తకం రాసిన పండితుడు. బెల్గాంలో పుట్టి, బొంబాయిలో కొలువు చేసి, మన తిండి తిని, చివరికి బుద్ధుడిలో కనిపించింది పుడ్డింగ్! 13 మంది కళాకారులు, విమర్శకులు ‘టైమ్స్’ పత్రికకి నిరసన లేఖ రాశారు. అందులో ఫ్రై సంతకం లేదు.

పోనీ అనుకుందాం. ఆయన ఆ ఏడాదే తూర్పుదేశాల కళ గురించి మంచిమాటలూ రాశాడు. కానీ 1933లో కేంబ్రిడ్జి ప్రొఫెసరై, పెద్దరికం వచ్చాక, అక్కడి ఉపన్యాసాల్లో భారతీయ కళాఖండాలు దాదాపు ఏవీ తనకు బొత్తిగా గిట్టవని తేల్చేశాడు. దాదాపు ఏవీనా! ఎన్ని వేల ఏళ్లవి, ఎన్ని ప్రాంతాలవి, ఎంతమంది శిల్పుల చేతులవి? ఒకే కట్ట కట్టి ఒక్క వాక్యంతో మూలకి తోసేస్తావా? ఫ్రాన్సు బొమ్మలకైతే ఓపిగ్గా చూడాలి, మన రాతికి మాత్రం ఒక్క చూపు చాలా? సిగ్గుండాలి.

1934లో ఆయన పోయాడు. ఆ ఉపన్యాసాలు 1939లో పుస్తకంగా వచ్చాయి. గుంటూరు సీమ నుంచి తరలించుకుపోయిన అమరావతి శిల్పాలు 1880 నుంచే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎవరైనా పుణ్యాత్ములు ఫ్రై గారిని కూడా ఒక ఐదు నిమిషాలు చల్లగాలికి తిప్పి, మళ్లీ లోపలికి తీసుకెళ్లి వాటి ముందు నిలబెట్టి ఉండాల్సింది.