మూడో చప్పుడు

ఇవాళ పొద్దున పండుమిరపకాయ పచ్చడి రెండో వాయి మధ్యలో మా మిక్సీ ఓ మూలుగు మూలిగి, అడుగున నీలం రవ్వలు నాలుగు రాల్చి ఊరుకుంది. "మోటారు కాలిపోయిందిరా. రోట్లో దంచుదామంటే విన్నారా!" అంది అమ్మ. "కాలలేదమ్మా, కార్బన్ బ్రష్‌లు అరిగాయి. నేను మారుస్తాగా" అన్నాను. మొదటి వాక్యంతో ఆపి ఉంటే మర్యాద దక్కేది.

ప్లగ్గు పీకి, అడుగు మూత విప్పాను. మోటారు ఇరుసు మీద తిరిగే రాగి కడియం లాంటి కమ్యుటేటర్‌కి అటొకటి ఇటొకటి ఆనుకుని కరెంటు అందించే నల్ల ముక్కలే ఈ బ్రష్‌లు. రాగి పాడవకుండా తామే అరిగిపోతాయి. వెనక నుంచి స్ప్రింగు తోస్తూనే ఉంటుంది. (మా ఆఫీసులో ఆ ముక్క ఎవరో, స్ప్రింగు ఎవరో రాయను. రేపు సోమవారం.)

కొత్తపేటలో షాపాయన "మోడల్ నంబరు?" అన్నాడు. పదకొండేళ్ల చింతపండు పులుసుకి ఆ స్టిక్కర్ ఎప్పుడో కరిగిపోయింది. "పాత ముక్క తెచ్చారా?" తేలేదు. మళ్లీ బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లాను. ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఓ సెట్టు ఇచ్చాడు. "కొంచెం లావు సార్, గరుకు కాగితం మీద రుద్దుకోండి, కూర్చుంటది" అన్నాడు. డబ్బులు ఆయనకి, రుద్దుడు నాకు.

రుద్దాను. ఒకటి కూర్చుంది.

రెండోదానికి వచ్చింది అసలు తంటా. బ్రష్‌ని గూట్లోకి తోసి, వెనక స్ప్రింగు పెట్టి, దాన్ని వేలితో అదిమి, ఆ వేలు తీసేలోపు మూత బిగించాలి. మూడు చేతుల పని. "ఏమండీ, నేను పట్టుకోనా?" అంది మా ఆవిడ. "అక్కర్లేదు" అన్నాను. సరిగ్గా అప్పుడే, మోటారు సందుల్లో ఏళ్ల తరబడి చేరిన కారం ముక్కుకి తగిలింది. తుమ్ము వచ్చేస్తోందని తెలుస్తోంది. వేలు తీస్తే స్ప్రింగు పోతుంది, తీయకపోతే తుమ్ము మోటారు మీద పడుతుంది. కళ్లు మూసుకున్నాను, ఊపిరి బిగబట్టాను, వెంకటేశ్వరస్వామికి మొక్కాను. ఆయన ఆదివారం రద్దీలో ఉన్నట్టున్నాడు.

తుమ్మాను. "టింగ్" మని ఫ్యాను రెక్కకి తగిలిన చప్పుడు. "టక్" మని స్టీలు గిన్నెల స్టాండుకి తగిలిన చప్పుడు. మూడో చప్పుడు రాలేదు.

గచ్చు మీద పడితే చప్పుడు రావాలి. రాలేదంటే మెత్తటి దాని మీద పడిందన్నమాట. మా వంటింట్లో మెత్తటివి మూడే: కాళ్లు తుడుచుకునే పట్టా, అమ్మ కొప్పు, మొదటి వాయి పచ్చడి ఉన్న బేసిన్. పట్టా దులిపాం. అమ్మ కొప్పు విప్పి చూపించింది. ఆ చూపించడంలో ఆవిడ నాకేసి చూసిన చూపు ఇక్కడ వద్దు. మావాడు ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి, పాలిథిన్ కవర్లో చుట్టి, పచ్చడంతా కలియబెట్టాడు. ఏమీ అంటలేదు. ఇత్తడి, కంచు లాంటి వాటితో చేసిందైతే అంటుకోదని వాడే చెప్పాడు. ఇంత చదువు ఎందుకు చెప్పించామా అనిపించింది.

"స్ప్రింగు ఒక్కటీ అమ్మం సార్, సెట్టు తీసుకోండి" అన్నాడు షాపాయన, ఈసారీ తల ఎత్తకుండానే. ఆ సెట్టూ లావే.

ఇంటికొచ్చి, పచ్చడి గరిటె గరిటెకీ పళ్లెంలో పరిచి వెతుకుదామని బేసిన్ తీస్తే సగమే ఉంది. "పక్కింటి పిన్నిగారు కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్తున్నారు కదా, డబ్బాకి పెట్టిచ్చా. దారిలో తినడానికి అన్నంలో కూడా కలిపా" అంది అమ్మ.

ఈపాటికి రైలు పిడుగురాళ్ల దాటి ఉంటుంది. పిన్నిగారి ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు.