మహారాజశ్రీ ఎల్ బోర్డు గారికి

మహారాజశ్రీ ఎల్ బోర్డు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరు మాత్రం మా వంటింటి బల్ల మీద, ప్లాస్టిక్ కవర్లోంచి ఎర్రగా తొంగిచూస్తూ నిక్షేపంలా ఉన్నారు.

ఈ మధ్యాహ్నం జరిగినదాంట్లో తమరి తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా ఎవరో ఒకరిని కడిగిపారేస్తే తప్ప ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు. బండ్ల షాపులో కుర్రాణ్ణి తిడదామంటే వాడు చాలా మర్యాదగా మాట్లాడాడు, అదే ఇంకా మండుతోంది. నెల రోజులుగా ఫోన్లో ఫోటోలు చూసుకుంటున్న 650 సీసీ బండి, షాపు ముందే తుడిచి నిలబెట్టారు, ఒక రౌండ్ నడిపి చూస్తానన్నాను, లైసెన్సు ఉందా అన్నాడు. ఉందా ఏంటి! పర్సులో ప్రత్యేకంగా ముందరి అరలో పెట్టుకున్నా. చిప్పు ఉన్న కార్డు, కొత్త వాసన కూడా పోలేదు, మీద ఎంసీడబ్ల్యూజీ అని అక్షరాలా అచ్చయి ఉంది, గేర్లున్న మోటార్ సైకిల్ అని. వాడు అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే ప్రశ్న అడిగాడు. బ్రిటన్ వచ్చి ఎన్నాళ్లయింది?

మూడేళ్లని గర్వంగా చెప్పాను.

వాడు కార్డుని రెండు వేళ్లతో పట్టుకుని నా చేతిలో పెట్టేశాడు. తర్వాత నేను బస్సెక్కాను. ఒళ్లో హెల్మెట్, హెల్మెట్ లోపల గ్లవ్స్, పక్కన కవర్లో తమరు, ఇద్దరు. దారిలో దిగి ఒక కొట్లో కొన్నాను, ఎలాగూ తప్పదు కదా అని. ఎదురు సీట్లో అయిదేళ్ల పిల్ల తమరి వంకా నా నెత్తి వంకా మార్చి మార్చి చూసింది. నా నెత్తి మీద తెల్ల వెంట్రుకలున్నాయి లెండి.

ఇప్పుడు అసలు సంగతి. తమరిని కట్టుకోకుండా తప్పించుకోవడానికే ఆ కార్డు తెచ్చుకున్నాను. దాచడం ఎందుకు. ఆఫీసులో ఒక మహానుభావుడు చెప్పాడు: "ఇక్కడ సీబీటీ, థియరీ, మాడ్ వన్, మాడ్ టూ, ఈ గోలంతా దేనికి అన్నా, ఇండియా వెళ్లినప్పుడు ఫుల్ లైసెన్సు తెచ్చేసుకో, వచ్చి దర్జాగా నడుపుకో." సీబీటీ అంటే బండి మీద మొదట తీసుకోవాల్సిన ప్రాథమిక శిక్షణ, మాడ్ వన్, మాడ్ టూ అంటే ఆ తర్వాత వచ్చే రెండు బండి పరీక్షలు. నాకు అమృతం పోసినట్టయింది. ఎక్కడైనా ఒక చదువు చదవకుండానే పాసయ్యే దారి ఉందంటే మనకి పెద్దగా వివరాలు అక్కర్లేదు కదా.

తీరా వెళితే అక్కడ ముందుగా గుమ్మంలో నిలబడి ఉన్నది ఎవరు? తమరే. ఎల్ఎల్ఆర్ తీసుకోవాలి, తీసుకున్నాక 30 రోజులు ఆగాలి, ఆ తర్వాతే టెస్టు. నాకున్న సెలవు మూడు వారాలు. అంటే ఆ మూడు వారాలూ తమరిని ముందొకటి వెనకొకటి కట్టుకుని తిరిగి, తిరిగొచ్చేసి, ఎల్ఎల్ఆర్‌కి ఆరు నెలలే గడువు కాబట్టి ఆ లోపల మళ్లీ టికెట్టు కొనుక్కుని వెళ్లాను. ఎనిమిది వేశాను. ఎండలో వరసలో నిలబడి, కాలు కింద పెట్టకుండా, కళ్లు తిరుగుతుంటే, ఎనిమిది వేశాను. ఆ రెండో టికెట్టు ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

అలా తెచ్చిన కార్డండీ అది. దాన్ని ఆ కుర్రాడు రెండు వేళ్లతో ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి నిబంధన చదివాను. ముందే చదవాల్సింది, అది వేరే విషయం. ఇండియా లైసెన్సున్నవాడు ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 12 నెలలు నడుపుకోవచ్చట. లైసెన్సు ఇచ్చిన రోజు నుంచి కాదు, మనిషి దిగిన రోజు నుంచి. నా 12 నెలలు ఎప్పుడో రెండేళ్ల కిందటే, నాకు లైసెన్సు లేనప్పుడే, నన్ను అడక్కుండానే అయిపోయాయి. అంటే నేను ఎనిమిది వేస్తున్నప్పుడే ఆ కార్డుకి కాలం చెల్లిపోయి ఉంది. పుట్టకముందే తద్దినం పెట్టేశారన్నమాట.

పోనీ నాది తెలివితక్కువ అనుకుందాం. ఆ 12 నెలల లెక్కయినా అర్థమవుతుందా? మా ఆఫీసులో ఇంకొకడున్నాడు, వాడికి ఇక్కడికి రాకముందే కార్డుంది. వచ్చిన రోజు నుంచి ఏడాది పాటు పెద్ద బండి మీద మోటార్‌వేల మీద తిరిగాడు, వెనక పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని స్కాట్లాండ్ దాకా వెళ్లొచ్చాడు. అంతా చట్టబద్ధం. 365వ రోజు రాత్రి బండి పెట్టి పడుకున్నాడు. 366వ రోజు పొద్దున లేచేసరికి వాడికి బండి రాదు! రాత్రికి రాత్రి మర్చిపోయాడు! ఇప్పుడు వాడు 125 సీసీ ముట్టుకోవాలన్నా ముందు సీబీటీకి వెళ్లి క్లచ్చు ఎక్కడుందో, బ్రేకు ఎక్కడుందో చూపించుకుని రావాలి, తమరిని కట్టుకోవాలి, మోటార్‌వే ఎక్కకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఆ పెళ్లాం అదే, ఆ రోడ్డు అదే, బండి కూడా అదే. ఏడాదంతా రాజ్యానికి ప్రమాదం కాని మనిషి పన్నెండు గంటలు కొట్టేసరికి ఎలా ప్రమాదమయ్యాడో చెప్పండి. నిజంగా రానివాడైతే మొదటి ఏడాది ఎందుకు వదిలారు? వచ్చినవాడైతే రెండో ఏడాది ఎందుకు ఆపారు? దీనికి జవాబు చెప్పగలవా నువ్వు? ఎర్రగా, చతురస్రంగా, మొహం మీద ఒకే ఒక్క అక్షరం వేసుకుని కూర్చోవడం తప్ప నీకేం వచ్చు?

సరే. అరిచాను. మళ్లీ 'మీరు'లోకి వెళ్లే ఓపిక లేదు, నువ్వనే అంటాను.

నీ నుంచి పారిపోవడానికి ఇంకా ఏ దారులున్నాయో ఇంటికొచ్చాక రెండు గంటలు చూశాను. కొన్ని దేశాల లైసెన్సుల్ని ఇక్కడ పరీక్ష లేకుండా మార్చి ఇస్తారు, దానికో జాబితా ఉంది. అందులో ఇండియా లేదు. అండోరా ఉంది. మొనాకో ఉంది. ఫారో దీవులున్నాయి, ఫాక్‌లాండ్ దీవులున్నాయి, జింబాబ్వే ఉంది. వంద కోట్ల మంది పైగా ఉన్న దేశం, అందులో సగం మంది రెండు చక్రాల మీదే బతుకుతున్నట్టుంటుంది రోడ్డెక్కితే, ఆ దేశం లేదు గానీ ఫాక్‌లాండ్ ఉంది. న్యూజీలాండ్ కూడా ఉంది కదా అని చూస్తే అక్కడ నువ్వు పసుపు రంగు వేసుకుని కూర్చున్నావు, నీ తర్వాత 'రెస్ట్రిక్టెడ్' అని ఇంకో మెట్టు. సింగపూర్ అయితే ఇంకా ఘోరం, 200 సీసీ దాకా ఒక క్లాసు, ఏడాది ఆగితే 400 దాకా ఇంకో క్లాసు, ఇంకో ఏడాది ఆగితే గానీ పెద్ద బండి లేదు. స్పెయిన్లో తెచ్చుకుంటే యూరప్ లైసెన్సు ఇక్కడ మారుతుంది కదా అన్నాడు ఆ మహానుభావుడే, మళ్లీ ఫోన్ చేస్తే. మారుతుంది. కాకపోతే ముందు ఏడాదిలో 185 రోజులు అక్కడ కాపురముండాలి. అప్పటికి నాకు స్పానిష్ కూడా వచ్చేస్తుంది, అది లాభమే అనుకో.

ఎక్కడికెళ్లినా నువ్వు ముందే చేరిపోయి ఉంటావు. ఇండియాలో నీ సైజు తెలుసా, 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇక్కడ 178 మిల్లీమీటర్లు. సముద్రాలు దాటి, రెండు టికెట్లు తగలేసి నేను సాధించింది రెండు మిల్లీమీటర్ల తగ్గింపు. ఇంకో సంగతి, ఇక్కడ మాడ్ వన్ పరీక్షలో ఏం వేయిస్తారో తెలుసా? ఎనిమిది. కోన్ల చుట్టూ ఎనిమిది.

మిగతావి ఒక్కో ముక్కలో తేల్చేస్తాను. 1935 నుంచి ఉన్నావట ఈ దేశంలో, అయినా నిన్ను బండికి సరిగ్గా నిలబెట్టే పట్టీ ఇంతవరకూ కనిపెట్టలేదు, రోడ్డు పక్కన కాలవల్లో నీ బంధువులు ఎంతమంది పడి ఉంటారో రోజూ బస్సులోంచి చూస్తుంటాను. 2018 నుంచి కారు నేర్చుకునేవాళ్లని టీచరుతో మోటార్‌వే ఎక్కనిచ్చారు, బండివాళ్లని మాత్రం ఇప్పటికీ ఎక్కనివ్వరు. సీబీటీ కాగితం రెండేళ్లే, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి. భోజనం డెలివరీ చేసే కుర్రాళ్లు రెండేళ్లకోసారి అదే క్లచ్చుని మళ్లీ మళ్లీ పరిచయం చేసుకుంటూ ఉంటారు, పాపం. ఇక దేశంలో ప్రతి స్పీడు బోర్డూ మైళ్లలో ఉంటుంది గానీ, మాడ్ వన్‌లో సడెన్ బ్రేకు వేయడానికి మాత్రం గంటకు 50 కిలోమీటర్లు అందుకోవాలి. అది యూరప్ వాళ్ల నియమం. వీళ్లు యూరప్ నుంచి బయటికొచ్చేశారు, కిలోమీటర్లు మాత్రం వెంట తెచ్చుకున్నారు.

సాయంత్రం కోపం మీదే ఒక ట్రైనింగ్ స్కూలుకి ఫోన్ చేశాను. తీసుకున్నవాడు పెద్దాయన, గొంతు గరగరలాడుతోంది. వయసు అడిగాడు, 34 అన్నాను. అయితే నీకు మెట్లేం లేవు బాబూ, 24 నిండితే డైరెక్ట్ యాక్సెస్, నేరుగా పెద్ద బండికే, సీబీటీ ఒక రోజు, థియరీ పాసయ్యాక మా దగ్గర నాలుగు రోజులు, రెండు పరీక్షలు, పాసైతే ఏ బండైనా నీదే అన్నాడు. పరీక్ష ఫీజులెంత అన్నాను. థియరీ 23, మాడ్ వన్ 15.50, మాడ్ టూ మామూలు రోజుల్లో 75. మొత్తం లెక్కేశాను. 113 పౌండ్ల 50 పెన్సులు. ఆయన ట్రైనింగ్ డబ్బులు వేరే. అది కూడా కలిపి చూశాను. కలిపినా సరే రెండో టికెట్టు... వద్దు, మా ఆవిడ.

ప్రొవిజనల్, అంటే ఇక్కడి లెర్నర్ లైసెన్సు, ఉందా అన్నాడు. ఉంది, వచ్చిన కొత్తలోనే ఐడీ కార్డుకి పనికొస్తుందని తీసుకున్న పచ్చ కార్డు, మూడేళ్లుగా అదే పర్సులో, ఆ కొత్త కార్డు వెనకాలే ఉంది. ఇంతకుముందు నడిపావా అన్నాడు. 14 ఏళ్లన్నాను. లైసెన్సుతోనా అన్నాడు. కాసేపు లైన్ సరిగ్గా లేనట్టు నటించాను. ఇంటర్లో నాన్న బండితో మొదలుపెట్టాను, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇది నీకొక్కడికే చెప్తున్నా.

అప్పుడాయన ఊరికే మాటల్లో పెట్టి అడిగాడు: "కుడివైపు తిరగాలి, ముందేం చూస్తావు?"

అద్దం, అన్నాను వెంటనే.

"తర్వాత?"

"హారన్ కొడతాను."

అటువైపు నిశ్శబ్దం. తర్వాత ఆయన నవ్వలేదు, అదే నచ్చింది నాకు. తిరిగే ముందు ఆఖరి క్షణంలో భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూడాలట, అద్దంలో పడని చోట ఎవరైనా ఉన్నారేమో అని. దాన్నిక్కడ లైఫ్‌సేవర్ అంటారట. ఫోన్ పట్టుకునే వంటింట్లో ఒకసారి అలా వెనక్కి తిరిగి చూశాను. మెడ పట్టేసింది. 14 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మెడ అటు తిరగలేదని మెడే చెప్పింది. లారీలూ, గేదెలూ, ఎదురుగా రాంగ్‌సైడులో వచ్చే పెళ్లి ట్రాక్టర్లూ, అన్నిటి మధ్యా నేను తిరిగానంటే అది నా డ్రైవింగు కాదని ఇప్పుడు అనుమానంగా ఉంది, వాళ్లందరూ నన్ను తప్పించుకుని వెళ్లారేమో.

వచ్చే శనివారం పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాడు. జీన్స్, చీలమండ దాకా కప్పే బూట్లు, గ్లవ్స్. బండీ, బోర్డులూ వాళ్లవేనట. అంటే నిన్ను కొనక్కర్లేదు. అది నువ్వు ముందే చెప్పొచ్చుగా.

పోనీ తర్వాతైనా పనికొస్తావని కవరు విప్పి చూశాను. నువ్వు కార్లకి అంటించే రకానివి, వెనకంతా అయస్కాంతం. 125 బండికి చూస్తే ముందూ వెనకా అంతా ప్లాస్టిక్కు. చిన్నది చేసుకుందామంటే కత్తిరించకూడదు, కావాలంటే మూలలు గుండ్రం చేసుకోవచ్చట, ఎంత దయ!

ఇది రాస్తుండగానే మా ఆవిడ వచ్చి, ఏంటివి అని తీసి చూసి, ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. గట్టిగా పట్టుకుంది. రెండోది చేత్తో పట్టుకుని నా వంక చూస్తూ నిలబడింది, ఆ రెండో టికెట్టు ఎంతయిందని అడుగుతోంది.

ఇట్లు,
14 ఏళ్ల అనుభవమున్న లెర్నర్