ఇంట్లో కుట్టు గది: గృహస్థుల అభ్యంతరాలు

ఈ మధ్య మన ఇళ్ళలో ఒక ప్రమాదకరమైన కోరిక తలెత్తింది. పిల్లల ఫీజులు టైముకి కట్టే, గ్యాసు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పగలిగే, అన్ని విధాలా బుద్ధిమంతులైన ఆడవాళ్ళు ఉన్నట్టుండి "నాకు కుట్టుకోవడానికి ఒక గది కావాలండీ" అంటున్నారు. గమనించండి, అడిగేది మిషను కాదు, గది. మిషను ఇంట్లో ఉంది. పెళ్ళినాటి నుంచీ ఉంది. హాల్లో కిటికీ పక్కన, నెత్తిన ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, వాటి మీద నిన్నటి పేపరు, పేపరు మీద చార్జింగ్‌లో ఉన్న ఫోను మోస్తూ అది కుటుంబానికి ఎనలేని సేవ చేస్తోంది. దాన్ని అక్కడి నుంచి కదిలించి, కేవలం కుట్టడానికి వాడతామంటే గృహస్థులు చూస్తూ ఊరుకోవాలా?

ముందుగా ఒక మాట. కుట్టుపనికి మేం వ్యతిరేకం కాదు. జాకెట్లు కుట్టుకుంటే టైలరు కూలి మిగులుతుంది. చీరకి ఫాల్ ఇంట్లోనే వేసుకుంటే మరీ మంచిది. అలాంటి కుట్టుకి మా ఆశీస్సులు ఎప్పుడూ ఉంటాయి. ఇప్పుడు వచ్చిన చిక్కంతా క్విల్టింగ్‌తో. ఆ పని ఎలా ఉంటుందో తెలియని అమాయక భర్తల కోసం వివరిస్తాను. నిక్షేపంలాంటి కాటన్ గుడ్డ కొంటారు. దాన్ని చతురస్రాలుగా, త్రిభుజాలుగా కోస్తారు. కోసిన ముక్కల్ని మళ్ళీ ఒకదానికొకటి కుడతారు. ఆ గుడ్డ కింద పల్చటి దూది పొర, దాని కింద ఇంకో గుడ్డ పరిచి, మూడు పొరలూ కలిసేలా ఈ చివర నుంచి ఆ చివరదాకా మళ్ళీ కుడతారు. ముక్కలు కలిపేటప్పుడు కుట్టుకి అవతల వదిలే గుడ్డ సరిగ్గా పావు అంగుళం ఉండాలట. ప్రతి కుట్టులో దారమంత తేడా వచ్చినా చాలు, పది ముక్కలు కలిసేసరికి ఈ వరస పక్క వరసతో కలవదు, ముక్కలతో కూర్చిన నక్షత్రాల మొనలు తెగిపోతాయి. అప్పుడు కుట్లన్నీ విప్పి మొదటికి రావాలి. సంతోషంగా విప్పుతారు. ఏళ్ళ తరబడి గోడలో మేకు సరిగ్గా దిగలేదని మనల్ని ఒక్క మాటా అనని మనిషి పావు అంగుళం దగ్గర ఇంత కచ్చితంగా ఉంటుందని ఎవరనుకున్నాం?

ఇంతా చేసి తయారయ్యేది దుప్పటి. అదీ విజయవాడలో. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే ఊళ్ళో దూది పెట్టిన దుప్పటి దేనికని ఒక మిత్రుడు ఇంట్లో అడిగాడు. ఏసీని పద్దెనిమిదిలో పెట్టి రెండు రగ్గులు కప్పుకుని పడుకునే మనిషికి ఈ సందేహం రాకూడదని జవాబొచ్చింది. ఈ వాదనలో బలం ఉన్నందువల్ల దీన్ని పక్కన పెడుతున్నాను.

మా అసలు బలం అమ్మమ్మలు. వాళ్ళు బొంతలు కుట్టలేదా? పాత నేత చీరలు, చిరిగిన పంచెలు పొరలు పొరలుగా పరిచి, లావు సూదితో మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని కుట్టారు. బాలింత దగ్గర నుంచి పురిటి పిల్లలదాకా అందరూ వాటి మీదే పడుకున్నారు. వాళ్ళు గది అడిగారా? కత్తెరలూ స్కేళ్ళూ గోడకి తగిలించుకునే పెగ్‌బోర్డు అడిగారా? లేదు. వాళ్ళు చేసేది పని అని కూడా ఎవరూ అనలేదు. "ఖాళీగానే ఉంది కదా, ఏదో కుడుతోంది" అన్నారు. ఇంటిల్లిపాదికీ పరుపు అమర్చినంత కాలం అది ఖాళీ. ఇప్పుడు గుడ్డకి, దూదికి, దారానికి డబ్బు ఖర్చవుతోంది కాబట్టి దానికి హాబీ అనే హోదా వచ్చింది. హోదా వచ్చినవాళ్ళు గది అడుగుతారు. ఆఫీసుల్లో చూస్తూనే ఉన్నాం.

దీన్ని మొదట్లోనే ఆపకపోతే ఏమవుతుందో అమెరికాను చూసి తెలుసుకోవాలి. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక చిన్న ఊరు. నది వంపులో, మూడు వైపులా నీళ్ళతో, ఒకప్పుడు బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి వాళ్ళ సంతతి ఉండే ఊరు. అక్కడి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలు, పాత జీన్సు ప్యాంట్లు కోసి, చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకునేవారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి తగిలించారు. తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో. కళావిమర్శకులు వాటి ముందు నిలబడి, ఆధునిక చిత్రకారుల పేర్లు తలుచుకుని నోళ్ళు వెళ్ళబెట్టారు. 2006లో తపాలా శాఖ వాటితో స్టాంపులే వేసింది. ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. ఒకటి, ప్రత్యేక గదులు లేకుండానే ఇంత పేరొచ్చింది కాబట్టి గది అనవసరం. రెండు, అమ్మమ్మ బొంత గోడెక్కితే పసిపిల్లాణ్ణి దేని మీద పడుకోబెడతాం?

గాంధీగారు కుట్టు మిషనుని మెచ్చుకున్నారు కదా అని కొందరు అడ్డుతగులుతారు. నిజమే. యంత్రాలంటే గిట్టని ఆయన 1924లో సింగర్ మిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక అవస్థ పడుతుంటే చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని చెప్పారు. 1851లో పేటెంటు పుచ్చుకున్న ఆ సింగర్ గారికి పలువురు స్త్రీల వల్ల రెండు డజన్ల దాకా సంతానం. ప్రేమ ఎవరి మీదో తేల్చడం చరిత్రకారులకే వదిలేద్దాం. మనకి కావలసిందల్లా ఒక్కటే, గాంధీగారు మిషనుకే మినహాయింపు ఇచ్చారు. గది ఊసెత్తలేదు. ప్రభుత్వాలూ అంతే. ఎన్నికలొస్తే ఉచితంగా మిషన్లు పంచుతారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీకి పనిముట్ల కోసం 15 వేల రూపాయలు ఇస్తామన్నారు. మిషను పెట్టుకోవడానికి చోటిస్తామని ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో రాసిందా? ఓట్లు పోతాయని వాళ్ళకి తెలుసు.

ఇక దేశ ఆర్థిక వ్యవస్థకి సంబంధించిన అంశం. మన దగ్గర పేరంటానికి వెళ్తే తాంబూలంతో పాటు జాకెట్టు ముక్క పెడతారు. పుచ్చుకున్నావిడ దాన్ని కుట్టించుకోదు. తన దగ్గరున్న ఏ చీరకీ ఆ రంగు మ్యాచ్ కాదు. కాకూడదు, అదే దాని గొప్పతనం. మడత విప్పకుండా బీరువాలో పెట్టి, శ్రావణమాసం రాగానే ఇంకొకరికి పెడుతుంది. ఆవిడ మరొకరికి. అలా ఊరంతా తిరిగి, మొదట మ్యాచింగ్ సెంటర్‌లో ఎవరు కొన్నారో వాళ్ళ ఇంటికే పసుపు కుంకుమలతో తిరిగొచ్చిన ముక్కలు నేనెరుగుదును. కరెన్సీ నోటయినా చేతులు మారేకొద్దీ నలుగుతుంది. జాకెట్టు ముక్క నలగదు. ఇప్పుడు క్విల్టింగ్ చేసేవాళ్ళ కన్ను దీని మీద పడింది. అమెరికాలో ఫ్యాట్ క్వార్టర్ అని 18 అంగుళాలకి 22 అంగుళాల ముక్కలు డబ్బిచ్చి కొంటుంటే, ఇక్కడ అంతకంటే పెద్దవి బీరువా నిండా ఊరికే ఉన్నాయని వాళ్ళు కనిపెట్టేశారు. పాలియెస్టరు జారిపోతుంది కాబట్టి దాని జోలికి రారు. కానీ కాటన్ ముక్కలన్నీ ఇలా కత్తెర పాలైతే వరలక్ష్మీ వ్రతం నాటికి చలామణీ ఏమైపోవాలి?

కత్తెర అంటే గుర్తొచ్చింది. కుట్టు గది అడిగే ప్రతి ఇంట్లోనూ గొడవ మొదలయ్యేది దీంతోనే. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందట. మనం దాంతో పాల ప్యాకెట్టు కోశాం, కొరియర్ డబ్బాల టేపు కోశాం, ఒకసారి అత్యవసరమై మీసం సరిచేసుకున్నాం. "ఏవండీ, నా కత్తెర ఎక్కడ?" అనే ప్రశ్నలో ఆ 'నా' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించండి. ఉమ్మడి ఆస్తి చీలడానికి ఇదే మొదటి మెట్టు.

గది ఎందుకు కావాలో వాళ్ళు చెప్పే కారణం కూడా ఇక్కడ నమోదు చెయ్యాలి, లేకపోతే పక్షపాతం అంటారు. కోసిన ముక్కల్ని రంగు పక్కన రంగు చూసుకుంటూ వరసగా పరుచుకోవాలట. ఆ వరస కుదరడానికి ఒక్కోసారి వారం పడుతుందట. డైనింగ్ టేబుల్ మీద పరిస్తే అన్నం వేళకి తీసెయ్యాలి, మంచం మీద పరిస్తే పడుకునే వేళకి తీసెయ్యాలి. తీసిన ప్రతిసారీ పని మొదటికొస్తుంది. పైగా ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ పెట్టె ఆనించాలి. రుద్దకూడదు, రుద్దితే ఏటవాలుగా కోసిన ముక్క సాగుతుంది. కాబట్టి కోతకి నిలబడి చేసుకునే ఎత్తులో ఒక బల్ల, దాని పక్కన మిషను, చెయ్యి చాపితే అందేలా ఇస్త్రీ బల్ల, ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది కనుక గుడ్డలకి తలుపులున్న అల్మరా. సూదులు, బొత్తాలు మాత్రం పాత నీలం బిస్కెట్ డబ్బాలోనే ఉంటాయట. బిస్కెట్లు దొరుకుతాయని దాన్ని తెరిచి భంగపడని పిల్లాడు ఏ ఇంట్లోనూ లేడు కనుక ఈ ఒక్క ఏర్పాటుకి మాకు అభ్యంతరం లేదు.

కానీ గది ఎక్కణ్ణుంచి తేవాలి? ఉన్నవి రెండు బెడ్రూములు. ఒకటి మనది. రెండోది చుట్టాల గది. చుట్టాలు సంక్రాంతికి వస్తారు, మిగతా రోజుల్లో వాళ్ళ తరఫున అక్కడ తువ్వాళ్ళు ఆరేసిన ట్రెడ్‌మిల్లు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన సూట్‌కేసులు కాపురం ఉంటాయి. బాల్కనీ వైపు మూల 2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ కోసం మనం తీసుకున్నాం. అప్పుడు ఎవరూ అర్జీ పెట్టుకోలేదు, ఎవరూ వ్యాసం రాయలేదు. ఆఫీసులు తెరిచి చాలాకాలమైనా ఆ మూల ఖాళీ చెయ్యలేదు, ఎందుకంటే ఆదివారం మ్యాచ్ అక్కడే బాగా కనిపిస్తుంది. ఇక మిగిలింది పూజగది. వాస్తులో దేవుడికి ఈశాన్యం, వంటకి ఆగ్నేయం అని స్పష్టంగా ఉంది. కుట్టు గదికి దిక్కు చెప్పండని ఒక సిద్ధాంతిగారిని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి ఇంటావిణ్ణే అడగమన్నారు. వృత్తిలో అనుభవం అంటే అది.

ఇంత వివరంగా అభ్యంతరాలు చెప్పాక కూడా కొన్ని ఇళ్ళలో ట్రెడ్‌మిల్లు అమ్మకానికి పెట్టారని, సూట్‌కేసులు అటకెక్కాయని కబురందింది. అందువల్ల గృహస్థుల తరఫున ఒక రాజీ ప్రతిపాదిస్తున్నాను. గది ఇచ్చేద్దాం. కొన్ని షరతుల మీద. సంక్రాంతికి చుట్టాలొస్తే మూడు రోజులు ఖాళీ చెయ్యాలి. మొదలుపెట్టి సగంలో వదిలేసిన క్విల్టులెన్ని అని మేం అడగం, జిమ్‌కి కట్టిన ఏడాది ఫీజు సంగతి వాళ్ళు అడగకూడదు. మిషను చప్పుడులో "కాఫీ" అన్న మాట వినబడలేదనే సాకు రోజుకి ఒక్కసారే చెల్లుతుంది. కత్తెరలు రెండు కొందాం, వాళ్ళది ఎక్కడ దాచుకున్నారో మాకు చెప్పనక్కర్లేదు. ఇన్ని విషయాల్లో దిగొచ్చాం కాబట్టి ఒక్క విషయంలో మాత్రం పట్టుబడతాం. ఆ గదికి తలుపు ఉండకూడదు. తలుపున్నాక గడియ ఉంటుంది, గడియ ఉన్నాక ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. మరీ అడ్డు కావాలనుకుంటే కర్టెన్ వేసుకోవచ్చు. ఎలాగూ కుట్టడం వచ్చు కదా.